దైవాశీర్వాదం అప్పుల పట్టిక

పది గంటలకు నెవార్క్‌లో పని, పన్నెండున్నరకు ఇంట్లో భోజనం. ఆ మంగళవారానికి దైవాశీర్వాదం వేసుకున్న లెక్క అంతే. లాయరు కూడా పది నిమిషాలే అన్నాడు. పెళ్లినాటి కోటు తొడుక్కుని, బొత్తం పట్టకపోతే వదిలేశాడు.

"ఎవరైనా ఫోన్ చేస్తే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లానని చెప్పు."

"నాచేత అబద్ధాలాడించకండి. బయటికెళ్లారంటాను," అంది భార్య దీనమ్మ.

ఆ ఏడాది, అంటే 1983లో, ఏప్రిల్ నెలలో అతను పనిచేసే బోల్టుల ఫ్యాక్టరీ మూతపడింది. దాంతో అక్కడిచ్చే ఆరోగ్య ఇన్సూరెన్సూ పోయింది. మూడు వారాలకు దీనమ్మ పిత్తాశయంలో రాళ్లు తిరగబడ్డాయి. ఫిబ్రవరిలోనే డాక్టరు ఆపరేషన్ చేయించుకోమన్నాడు. అప్పుడైతే ఇన్సూరెన్సు పోను తమ వాటా మూడు వందల డాలర్లు. "ఇప్పుడు లేవు, వేసవిలో చూద్దాం," అన్నాడు దైవాశీర్వాదం. వేసవి రాకముందే ఆపరేషనూ జరిగింది, పదకొండు వేల బిల్లూ వచ్చింది. గిడ్డంగిలో కొత్త పని దొరికితే, ఆ జీతంలోంచి బాకీ కోయించడానికి ఆసుపత్రి కోర్టుకెక్కింది. ఇక దివాలా ఒక్కటే దారి.

లాయరు ముందే హెచ్చరించాడు. "బాకీలన్నీ పట్టికలో రాయండి. రాయని అప్పు రద్దవదు. ఆస్తి దాచారో, ఏ అప్పూ రద్దవదు." భయపడి అతను పాస్టర్ సుందర్ రాజ్ దగ్గర తెచ్చిన నూట యాభై, జోసఫ్ దగ్గర తెచ్చిన ఎనభై కూడా రాశాడు. వాళ్లిద్దరిదీ తెలుగు క్రైస్తవ సంఘమే. ఆ సంఘానికి అతను ఆరేళ్లుగా కోశాధికారి. అక్కడ మాత్రం ఈ సంగతి తెలియకూడదనుకున్నాడు. పట్టికలోని ప్రతి పేరుకూ కోర్టు ఉత్తరం వేస్తుందని అతనికి తెలియదు.

మంగళవారం దివాలా కోర్టులో గది తలుపు తీసేసరికి ముందు వరసలో పాస్టరు, పక్కన టై కట్టుకున్న జోసఫ్.

"భయపడొద్దు బ్రదర్, మేమున్నాం," అన్నాడు జోసఫ్. దైవాశీర్వాదానికి భయం అప్పుడే మొదలైంది.

ఆస్తులు వెతికి అప్పులవాళ్లకు పంచే ట్రస్టీ బల్ల వెనక కూర్చున్నాడు. "మీ పేరున ఇంకేదైనా బ్యాంకు ఖాతా ఉందా?"

"లేదు."

జోసఫ్ ఆగలేకపోయాడు. లేచి నిలబడ్డాడు. "సార్, వెరీ ఆనెస్ట్ మ్యాన్ సార్! సిక్స్ ఇయర్స్‌గా మా బిల్డింగ్ ఫండ్ అంతా ఈయన పేరు మీదే ఉంది. ఒక్క సెంటు పోలేదు!"

లాయరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఖాతాలో మూడువేల నాలుగు వందలున్నాయి. అది సంఘానిదన్నాడు దైవాశీర్వాదం. సంఘానికి రిజిస్ట్రేషన్ ఉందా అన్నాడు ట్రస్టీ. లేదు. ఆదివారం మధ్యాహ్నాలు తెల్లవాళ్ల చర్చి నేలమాళిగలో కూడుకునే ఇరవై కుటుంబాలకు రిజిస్ట్రేషనెక్కడిది? ఎవరెంత ఇచ్చారో రాసుకున్నారా? అదీ లేదు. కానుక గుట్టుగా ఇవ్వాలని పాస్టరే నియమం పెట్టాడు.

"అయితే ఎవరెంత ఇచ్చారో రాయించి తీసుకురండి," అన్నాడు ట్రస్టీ.

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరు ఒక్కొక్కరినీ లేపి అడిగాడు. మొదటాయన మూడు వందలన్నాడు. రెండో ఆయన భార్య వైపు చూసి నాలుగు వందలన్నాడు. నాలుగో వరసకొచ్చేసరికి ఆరు వందలకు తక్కువ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మొత్తం తొమ్మిది వేల నూట యాభై. సంతోషం పట్టలేక పాస్టరు ఆ కాగితాన్ని తానే ట్రస్టీకి పోస్టు చేశాడు.

గురువారం లాయరు ఫోన్ చేశాడు. "మిగతా అయిదువేల ఏడు వందల యాభై ఎక్కడ దాచారని అడుగుతున్నారు."

ఆ రోజు నుంచి సంఘంలో కొందరు దైవాశీర్వాదానికి దూరంగా కూర్చున్నారు. ఎక్కువ దూరం కూర్చున్నది ఆరు వందలన్నవాళ్లే.

చివరికి లాయరు అందరికీ ప్రమాణ పత్రాలు పంపాడు. అబద్ధం రాస్తే జైలని పైనే అచ్చేసి ఉంది. జోసఫ్ ఆరు వందలు తొంభైకి దిగింది. పాస్టరు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని నూట పది రాశాడు. ఈసారి మొత్తం రెండువేల నూరు.

రెండో విచారణకు దీనమ్మ కూడా వచ్చింది. ట్రస్టీ కాగితాలు తిరగేశాడు. "ఇప్పుడు పదమూడు వందలు ఎక్కువున్నాయి. ఇవెవరివి?"

దైవాశీర్వాదం టోపీ చేతుల్లో తిప్పాడు. "నావి సార్. కానుకల పళ్లెంలో చిల్లరే పడేది. నెలాఖరున పాస్టరుగారు లెక్క చదివితే చిన్నతనంగా ఉండేది. నా జీతంలోంచి కలిపేవాణ్ణి."

జోసఫ్ బూట్ల వైపు చూసుకున్నాడు. దీనమ్మ మాత్రం భర్త వైపే చూసింది.

"ఫిబ్రవరిలో కూడా కలిపారా?"

అతని చేతుల్లో టోపీ తిరగడం ఆగింది.

"మిమ్మల్నేనండీ. ఫిబ్రవరిలో ఎంత కలిపారు?"

"నలభై."

"అప్పటికి ఖాతాలో మీవి ఎన్ని ఉన్నాయి?"

"పన్నెండు వందల దాకా."

ట్రస్టీ కాగితాలు మూశాడు. సంఘం డబ్బు సంఘానికి వదిలి, పదమూడు వందలూ అప్పులవాళ్లకని తీసుకున్నాడు. దాచాలన్న ఉద్దేశం లేదని రాసుకున్నాడు.

ఆ ఆదివారం సంఘం జోసఫ్‌ను కోశాధికారిగా ఎన్నుకుంది. కొత్త ఖాతా ఎవరి పేరున తెరవాలని అతను అడిగాడు. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లారు.

మూడు నెలలకు కోర్టు ఉత్తరం వచ్చింది. దైవాశీర్వాదం దాన్ని వంటింట్లోకి తెచ్చి రెండుసార్లు చదివాడు.

"అన్నీ పోయాయి దీనమ్మా. ఆసుపత్రిది, పాస్టరుగారిది, జోసఫ్‌ది. ఇక మనం ఎవరికీ బాకీ లేము."

దీనమ్మ కత్తిపీట మీంచి తలెత్తలేదు. "ఫిబ్రవరిలో నాకు లేవన్న మూడొందలు పట్టికలో రాశారా?"

"లేదు."

"అయితే అది ఉంది," అని ఆమె ఉల్లిపాయ కోసింది.