ఆఖరి మూడు బెల్టులు

బస్సు డిపో సామాన్ల కొట్టులో శాస్త్రీయ పంపిణీ విధానం దిగ్విజయంగా అమల్లోకి వచ్చింది. ఎవరు ఎప్పుడొచ్చి ఏమడుగుతారో ముందే లెక్కకట్టగల క్యూ శాస్త్రవేత్త ఒకాయన, చెప్పిన వేళకు రెండు గంటలు ఆలస్యంగా విచ్చేసి, దాన్ని ప్రారంభించారు.

"నడిరోడ్డున ఆగిన బస్సు మొదటి తరగతి. డిపోలో ఆగింది రెండో తరగతి. ఇంకా ఆగనిది మూడో తరగతి. కొట్టులో ఫ్యాన్ బెల్టులు మూడుకు దిగాయంటే అవి మొదటి తరగతి సొత్తు. దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వరాదు!" అని ఉపన్యసించారు.

తీరా అడిగింది దేవుడు కాదు, స్టోర్‌కీపరు బావమరిది. ఏడో నంబరు బస్సు డ్రైవరు.

"బావా, ఫ్యాన్ బెల్టు నెర్రెలిచ్చింది. ఒకటి పడెయ్."

"బస్సు ఆగిందా?"

"ఆగలేదు. రేపోమాపో ఆగేట్టుంది."

"అయితే మూడో తరగతి. ఆగాక రా."

"రేపు పొద్దున మనమ్మాయి పరీక్షకి పోయేది ఈ బస్సులోనే బావా!"

స్టోర్‌కీపరు తల వెనక్కి తిప్పాడు. వీపు వెనక మేకుకి మూడు బెల్టులు నిగనిగలాడుతున్నాయి. అయినా విధానంలో కూతుళ్ళకో తరగతంటూ లేదాయె.

"కాస్త నెమ్మదిగా నడుపు," అన్నాడు పెద్దమనసుతో.

మర్నాడు సగం దారిలో బస్సు ఆగింది. ఆగిన మరుక్షణం దానికి పదోన్నతి లభించింది. కబురందగానే స్టోర్‌కీపరు బెల్టును మెడలో దండలా వేసుకుని, సైకిలెక్కి, పన్నెండు నిమిషాల్లో వాలిపోయాడు. సంతకం పెట్టించుకున్నాకే ఇచ్చాడు. అమ్మాయి అప్పటికే చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది. పరీక్షలో అరగంట పోయింది.

ఈలోగా మెకానిక్కులకూ జ్ఞానోదయమైంది. బెల్టు కావాలంటే బస్సును గేటు దాటించి ఆపేస్తే సరి! గేటు బయట బస్సులు బారులు తీరాయి. మొదటి తరగతి గిరాకీ పెరిగిందని కనిపెట్టిన శాస్త్రవేత్త, అట్టేపెట్టే బెల్టులను మూడు నుంచి ముప్పైకి పెంచారు. పన్నెండు నిమిషాల సత్వర సేవకుగాను స్టోర్‌కీపరుకు ప్రశంసాపత్రం ఇచ్చారు.

దాన్ని చంకన పెట్టుకుని ఇంటికొస్తే, భార్య చెవి విరిగిన కప్పులో టీ పోసిచ్చింది. అలమర అద్దం వెనక ఆరు కొత్త కప్పులు తళతళలాడుతున్నాయి.

"అందులో ఒకటి తియ్యకూడదూ?"

భార్య నోరు విప్పేలోగా కూతురు అందుకుంది.

"నీ కప్పుకి చెవేగా పోయింది నాన్నా? పూర్తిగా పగిలాక రా."

స్టోర్‌కీపరు టీ ఊదుకున్నాడు.

నవ్వండి, తప్పులేదు. మీ అలమరలోనూ ఆరు కప్పులున్నాయి. వాటిలో టీ తాగాల్సిన ముఖ్యమైన చుట్టం ఎన్నేళ్ళుగానో దారిలోనే ఉన్నాడు. ఏడో నంబరు బస్సెక్కి ఉంటాడు.