జీరో చూసుకోండి

ఒక పెద్ద అడవిలో ఏనుగు దగ్గర్నుంచి ఉడుత దాకా అందరూ నడక మానేసి బళ్లెక్కిన రోజుల్లో, ఉన్నది ఒకటే పెట్రోలు బంకు. దాని యజమాని నక్క. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, ఎవరు కనబడినా రెండు చేతులా నమస్కారం. పెద్దమనిషికి ఇంతకు మించి ఏం కావాలో ఆ అడవిలో ఎవరూ ఆలోచించలేదు.

బంకు కింద రెండు ట్యాంకులు. ఒకదాంట్లో సాదా రకం, ఇంకోదాంట్లో ఖరీదెక్కువ ఘాటు రకం. చదును దారిలో తిరిగే బళ్లకు సాదా చాలు. గుట్ట ఎక్కే బళ్లకు మాత్రం రెండూ సగం సగం కలవాలి. ఆ కలపడం పంపులోనే జరుగుతుంది. పంపు లోపల ఒక చిన్న మర ఉంది. దాన్ని గోరంత తిప్పినా పాళ్లు మారిపోతాయి.

ఆ మర చూసుకునేది తాబేలు చలమయ్య. రోజూ పొద్దున్నే గాజు జాడీలో కాస్త పట్టి, కొలత పుల్ల వేసి తేల్చి, సరిగ్గా ఉందనుకున్నాకే మొదటి బండిని రానిచ్చేవాడు. ఆలస్యమవుతోందని అందరూ తిట్టేవాళ్లు. తాబేలు గదా, వేరే కారణం ఎవరూ వెతకలేదు.

గుట్ట మీద ఆసుపత్రి ఉంది. ఎలుగుబంటి కోటప్ప నడిపే అంబులెన్సు రోజూ ఆ గుట్ట ఎక్కాలి. మర సరిగ్గా ఉంటే రోగి ఆసుపత్రిలో ఉంటాడు. లేకపోతే మూడో మలుపులో ఉంటాడు.

ఒకరోజు నక్క వచ్చి పంపు పక్కన నిలబడింది.

"ఏమయ్యా చలమయ్యా, ఘాటు అంతంత పోసేస్తున్నావేం?"

"సగం సగమే సార్. బోర్డు మీద మీరు రాయించిందే."

"బోర్డు జనం చదువుకోడానికి. మర నువ్వొక్కడివే చూస్తావు. మూడొంతులు సాదా పెట్టు."

"కోటప్ప బండి గుట్ట ఎక్కదు సార్."

"ఎక్కకపోతే దిగుతుంది. బండన్నాక రెండూ ఉంటాయి."

చలమయ్య మర ముట్టుకోలేదు. మర్నాడు నక్కే స్వయంగా తిప్పుకుని, చలమయ్యకు ప్రమోషన్ ఇచ్చింది. ఇకమీదట అతని పని, ప్రతి బండి ముందూ నిలబడి మీటరు చూపించి, "జీరో చూసుకోండి" అనడం.

ఆ అడవి జంతువులకు అదొక పట్టింపు. పెట్రోలు పట్టే ముందు మీటరు మీద సున్నా కనబడాలి. కనబడితే కడుపు చల్లబడేది. పైపులోంచి వచ్చేదేమిటని అడిగిన జంతువు ఒక్కటీ లేదు. పైగా చలమయ్య చూపించినంత నిజాయితీగా సున్నాను ఇంకెవరూ చూపించలేదని నలుగురూ మెచ్చుకున్నారు.

వారం తిరక్కుండా కోటప్ప మండిపడుతూ వచ్చాడు.

"అయ్యా, నిన్న మూడో మలుపులో బండి ఆగిపోయింది. లోపల నిండుచూలాలు, లేడి. ఈ గోళ్లతో నేను పురుడు పోశాను! తల్లీబిడ్డా బతికారంటే వాళ్ల ఆయుష్షు గట్టిది."

"శుభం! ఆడా మగా?" అంది నక్క.

అయినా ఫిర్యాదు ఫిర్యాదే కాబట్టి కొంగగారితో ఏకసభ్య కమిటీ వేశారు. కొంగగారు తనిఖీ అధికారి. పంపు దగ్గరికి వెళితే కాళ్లకు నూనె మరకలవుతాయని ఆఫీసు గదిలోనే ఒంటికాలి మీద నిలబడ్డారు. నక్క బల్లకింద నుంచి శాంపిల్ డబ్బా తీసింది. అందులోది ఎప్పుడో చలమయ్య చేత్తో కలిపిన సరుకు. కొంగగారు ముక్కు ముంచి చూశారు. సగం సగం, చుక్క తేడా లేదు. డబ్బాకు సీలు వేశారు.

కమిటీ తేల్చినదేమంటే, ఇంధనం నిర్దుష్టం, లోపం గుట్టది. అది మరీ ఏటవాలుగా ఉంది. దాన్ని తగ్గించాలని సిఫార్సు చేసి, బంకుకు 'ఉత్తమ మిశ్రమం' బిరుదు కూడా ఇచ్చారు.

బిరుదు సభ బంకులోనే జరిగింది. శాంపిల్ డబ్బాకు పూలదండ వేసి బల్ల మీద పెట్టారు. కొంగగారి గౌరవార్థం చేపల విందు. నక్క పెద్ద ముక్క నోట్లో వేసుకుని ఉపన్యాసం మొదలెట్టింది. ఖచ్చితత్వం అన్న మాట దగ్గర ముల్లు గొంతుకు అడ్డం పడింది.

అంబులెన్సు వచ్చింది. నక్కను ఎక్కించారు. ట్యాంకు ఖాళీగా ఉందని కోటప్ప బండిని పంపు దగ్గరికి పోనిచ్చాడు. చలమయ్య అలవాటుగా కిటికీలోకి వంగాడు.

"సార్, జీరో చూసుకోండి."

నక్క కళ్లు తేలేసింది. "పంపుది... వద్దు... డబ్బాది పొయ్యండి!" అని గుర్రుమంది. అందరూ విన్నారు.

చలమయ్య డబ్బా అందుకోబోతే కొంగగారు రెక్క అడ్డం పెట్టారు. "అది శాంపిల్. చూడ్డానికేగాని వాడ్డానికి కాదు. సీలు తియ్యాలంటే దరఖాస్తు, ఇద్దరు సాక్షులు, వారం గడువు."

పంపుదే పోశారు. మూడో మలుపులో బండి ఆగింది.

"కంగారుపడకండి సార్," అన్నాడు కోటప్ప వెనక్కి తిరిగి. "గుట్టను తగ్గించేస్తున్నారుగా."

అని ఊరుకోలేకపోయాడు పాపం, డ్రైవరు బుద్ధి. దిగి కేకలేస్తే అందరూ వచ్చారు. చలమయ్య కూడా చిప్ప ఆనించి తోశాడు. పైకి చేరేసరికి పొద్దు వాలింది. నక్క ప్రాణం దక్కింది గానీ గొంతు శాశ్వతంగా పోయింది.

మర్నాడు పొద్దున్నే, బండి తోసి భుజాలు వాచిన జంతువులన్నీ బంకు ముందు వరస కట్టి, మెడలు చాచి, సున్నాను మరింత శ్రద్ధగా చూసుకున్నాయి.

మాట పోయిన నక్క పలక మీద తన మొదటి ఉత్తర్వు రాసింది. మర గురించి కాదు. శాంపిల్ డబ్బా ఇకనుంచి తన కారులోనే ఉండాలని. కొంగగారు ఆ ఉత్తర్వుకు అక్కడికక్కడే సీలు వేశారు.

కాబట్టి పిల్లలూ, సరిగ్గా కలిపిన సరుకు కావాలంటే, ముందు దాన్ని కల్తీ చేసే హోదాకు ఎదగండి.