డబ్బీ మూతలో నేరస్థుడు

"ఈ విమానంలో ఒక మహానేరం జరిగింది. దాన్ని ఛేదించగల బుర్ర కూడా మీ అదృష్టం కొద్దీ ఇందులోనే ఉంది," అని పదమూడో వరుసలో లేచి నిలబడి ప్రకటించాడు టోర్కెల్. ఆ బుర్ర లూలియో అనే ఊళ్లో ముప్పై ఏళ్లు పార్కింగ్ జరిమానాలు రాసి రిటైరయింది. అది ఛేదించినవాటిలో చెప్పుకోదగ్గది, పోయిన సొంత సైకిలు సొంత గరాజులోనే దొరకడం.

పక్క సీట్లో అతని స్నేహితుడు ఎవర్ట్ తల పట్టుకున్నాడు. పెదవి కింద పెట్టుకునే తన నికోటిన్ పొట్లాల డబ్బీ మారిపోయిందని వీడి దగ్గర నోరు జారడం అతని తప్పే. అందులో ఏముందో మాత్రం చెప్పలేడు. నడవకి అవతల గున్‌వోర్ కూర్చుని ఉంది. ఈ విమానం దిగే మాలగాలో చెల్లెలి దగ్గరే ఉండిపోదామని ఒకవైపు టిక్కెట్టు కొనుక్కుందామె. దిగేలోపు ఆమెని ఎవర్ట్ పెళ్లి మాట అడగకపోతే ఇక అడిగేది లేదు. ఉంగరమేమో డబ్బీ మూతలో ఉంది.

వాడేసిన పొట్లాలు వేసుకోవడానికి మూతలో చిన్న అర ఉంటుంది. టోర్కెల్ ఎవరి సంచైనా వెతుకుతాడు, ఎవరి కోటైనా తడుముతాడు. ఇంకొకరి నోట్లోంచి వచ్చిన పొట్లాల అర మాత్రం వాడే కాదు, వాళ్ల దేశంలో ఎవరూ తెరవరు. అందుకే అక్కడ దాచాడు ఎవర్ట్. పొద్దున విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఇద్దరూ తాళాలూ డబ్బీలూ ట్రేలో పెట్టి తీసుకున్నారు. విమానమెక్కాక చూస్తే అరలో ఎవరివో తడి పొట్లాలు రెండున్నాయి.

"ఇది అంతర్జాతీయ ముఠా పనిరా," అని టోర్కెల్ నడవ వెంట బయల్దేరి తొమ్మిది డబ్బీలు జప్తు చేశాడు. తనిఖీ సమయంలో నువ్వెక్కడున్నావని స్వెట్టరు అల్లుకుంటున్న ఒక ముసలావిడని నిలదీశాడు. నీ వెనకే ఉన్నాను, నీ బెల్టు ఊడేదాకా పది నిమిషాలు నిలబడ్డాను అందావిడ. కూర్చోకపోతే మాలగాలో పోలీసులు వస్తారని విమాన సిబ్బంది అమ్మాయి హెచ్చరించింది. వదిలెయ్‌రా అని ఎవర్ట్ బతిమాలాడు. మహా మేధావి వింటాడా?

ఈలోగా వాడి పెదవి కిందున్న పొట్లం చప్పబడింది. వెనక జేబులోంచి తన డబ్బీ తీసి, మూత అర తెరిచి, దాన్ని లోపలికి నొక్కాడు. ఏదో గట్టిగా అడ్డొచ్చింది. గోటితో పీకితే ఉంగరం వచ్చింది.

"లోపల ఎవర్ట్ అని చెక్కి ఉంది," అని గట్టిగా చదివాడు. "దొంగ పేరు కూడా వదిలేశాడు. ఒరేయ్, నువ్వా?"

పెళ్లాం పేరు చెక్కిన ఉంగరాన్ని నలభై ఏళ్లుగా తొడుక్కున్నవాడే ఆ మాట అన్నాడు. ట్రేలోంచి ఎవర్ట్ డబ్బీ ఎత్తుకొచ్చిన ఘనుడు తనేనని కూడా ఆ బుర్రకి తట్టలేదు.

గున్‌వోర్‌కి తట్టింది. ఎవర్ట్ చెవులు ఎర్రబడడం చూసింది.

"అది నా వేలికేనా, ఎవర్ట్?"

అతను తలూపాడు.

"అయితే వీడి ఎంగిలితో నాకు పెట్టకు. వెళ్లి సబ్బుతో కడుక్కురా."

ఎవర్ట్ ఉంగరం లాక్కుని విమానం తోక వైపు పరుగెత్తాడు. నేరస్థుడు సాక్ష్యంతో పారిపోతున్నాడని టోర్కెల్ లేవబోయాడు.

"నువ్వు కూర్చో," అని అతన్ని సీట్లోకి తోసి, తిరుగు టిక్కెట్టు ఇక్కడే కొనుక్కోవచ్చా అని సిబ్బంది అమ్మాయిని అడిగింది గున్‌వోర్.