కంప్యూటర్ నేర్చిన "చూద్దాం"

ప్రోగ్రామరుకు ఆ రోజున్న పథకం చాలా చిన్నది. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ మధ్యాహ్నంలోగా ఎక్కించేసి, దారిలో కూతురి కళ్లద్దాలు తీసుకుని, వెలుగుండగానే ఇల్లు చేరాలి.

పక్క సీటు ఆవిడను నవ్వించాలన్న బుద్ధి పుట్టకపోతే చేరేవాడే. వాళ్ల మేనేజరు ఏది అడిగినా "చూద్దాం" అంటాడు. ఆ తర్వాత చూడడు. ప్రోగ్రామరు సరదాకి ఒక చిన్న మాడ్యూల్ రాసి, ప్రోగ్రామింగ్ భాషకే "చూద్దాం" అనే కొత్త కీవర్డు నేర్పాడు. ఏ ఆజ్ఞ ముందు ఆ మాట పెట్టినా, కంప్యూటర్ అడిగినవాళ్లకు "చూద్దాం" అని జవాబిచ్చి ఆ పనిని మూలన పడేస్తుంది.

"ఏదీ, చూపించండి," అందావిడ.

ఫిర్యాదును కుళాయిలు బాగుచేసే లైన్‌మన్‌కు పంపే ఆజ్ఞ ముందు ఆ మాట తగిలించి చూపించాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ సంబరంలో మాట తీసేయడం మరిచి, వెర్షన్ అలాగే ఎక్కించేశాడు.

కొన్నాళ్లకు లైన్‌మన్లు పట్టపగలు పేకాడుకోవడం చూశాక గానీ అతనికి తన నిర్వాకం తట్టలేదు. పరుగున మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ 'చూద్దాం' నేనే పెట్టాను. పొరపాటున..."

"నువ్వేనా! ఇన్నేళ్లలో జనానికి మన నుంచి జవాబంటూ వెళ్లడం ఇదే మొదలయ్యా. జవాబు వెళ్లిందంటే ఫిర్యాదు తీరినట్టే లెక్క. పెండింగులో ఒక్కటి లేదు! పైవాళ్లు తెగ మెచ్చుకుంటున్నారు."

"లైన్‌మన్లకు అసలు ఫిర్యాదులే అందట్లేదు సార్."

"సమస్యల్లేకపోతే ఎలా అందుతాయి? మరీ అంత వినయం పనికిరాదు. వెళ్లి పని చూసుకో."

ఇంటికొస్తే గుమ్మంలోనే ఖాళీ బకెట్టుతో అత్తగారు ఎదురయ్యారు.

"అల్లుడుగారూ, కుళాయిలో చుక్క లేదు. మీ ఆఫీసుకే ఫిర్యాదు పెట్టాను. ఎంత మర్యాదో! పెట్టీపెట్టగానే 'చూద్దాం' అన్నారు."

"పాప మొహం కడగడానికి పక్కింట్లో చెంబెడు నీళ్లు అడుక్కొచ్చాను," అంది భార్య. "మీరక్కడ ఉండి ఏం లాభం?"

అతనికి అన్నం సహించలేదు. తెల్లారగానే ఆఫీసుకు వెళ్లి ఆ మాట పీకేశాడు. అంతే, మూలనపడ్డ ఫిర్యాదులన్నీ లైన్‌మన్ల మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఆఫీసులో ఫోన్లన్నీ మోగాయి. పైవాళ్లు మేనేజరును పిలిచారు. మేనేజరు ప్రోగ్రామరును పిలిచాడు.

"ఏం చేశావు?"

"బాగుచేశాను సార్."

"నిన్నటిదాకా ఊళ్లో ఒక్కరికీ నీళ్ల ఇబ్బంది లేదు. నువ్వు చెయ్యి పెట్టావు, ఊరంతా ఎండిపోయింది!"

సాయంత్రానికి అతని ఉద్యోగం ఊడింది. "చూద్దాం" ఉన్న వెర్షన్‌నే తిరిగి ఎక్కించే పని పక్క సీటు ఆవిడకు అప్పగించారు. ఆవిడ అతని వైపు చూడకుండానే ఎక్కించింది.

మర్నాటికల్లా ఊళ్లో నీటి సమస్య పూర్తిగా తీరిపోయింది, నీళ్లు మాత్రం రాలేదు.