తప్పంతా పట్టర్‌దే!

తెలంగాణలో ఇంటికో పట్టర్ ఉండి తీరాలి! నవ్వకండి. మిక్సీ ఉన్న ఇంట్లో పట్టర్ ఎందుకు ఉండకూడదు? గోల్ఫ్ ఆటలో చివరికొచ్చాక బంతిని మెల్లగా గుంతలోకి నెట్టే కట్టెను పట్టర్ అంటారు. మనిషి మనసుకు నెమ్మదినివ్వడంలో దాన్ని మించిన మందు ఏ దవాఖానాలోనూ దొరకదు.

నమ్మకం కుదరకపోతే మర్రిగూడ అమరేందర్‌ను చూడండి. నార్కట్‌పల్లి హైవే పక్కన ప్లాట్లు అమ్ముతాడు. వాటిని కొనే పెద్దమనుషులు గోల్ఫ్ ఆడతారు కనుక తనూ ఆడతాడు. ఆడతాడంటే, బంతిని కొడతాడు. గుంతలో పడాలా వద్దా అన్నది బంతి ఇష్టం.

బంతి చాలాకాలంగా ఇష్టపడటం లేదు కాబట్టి కొత్త పట్టర్ తెప్పించాడు. నెల రోజులు వాడి చూడొచ్చు, నచ్చకపోతే వాపసు ఇచ్చేయొచ్చు! గడువు ముగిసే రోజు పొద్దున్నే, తల్లి యాదలక్ష్మి అలికిన వాకిట్లో స్టీలు గ్లాసు పడుకోబెట్టి ఆఖరి పరీక్ష మొదలుపెట్టాడు.

తండ్రి లచ్చయ్య ఖాళీ విత్తనాల ప్యాకెట్ పట్టుకొని పక్కనే నిలబడ్డాడు. వాన పడగానే పత్తి గింజలు పెట్టాడాయన. చేనులో సగం మొలవలేదు. నేలలో పదును ఆరిపోయేలోపు మళ్లీ గింజ పడకపోతే ఈ ఏడు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. షాపాయనతో మాట్లాడి వేరే గింజలు ఇప్పించమని కొడుకును అడగడానికి వచ్చాడు. రాళ్లగుట్టను కూడా రిసార్ట్ అని అమ్మగల నోరు ఆ ఇంట్లో వాడిదొక్కడిదే మరి.

"జర ఆగు బాపూ. ముందుగాల గిది తేలనీ" అన్నాడు అమరేందర్.

బంతి గ్లాసుకు ఎడమగా పోయింది. పట్టర్ బరువు ఎక్కువైంది! తర్వాతిది కుడిగా పోయింది. బరువు తక్కువైంది! ఇంకోటి చెప్పుల మధ్య దూరింది. పిడి జారుతోంది!

"నీ చెయ్యే వణుకుతాంది కొడుకా" అంది యాదలక్ష్మి, చాటలో బియ్యం ఏరుతూ. తల్లులకు గోల్ఫ్ సంగతులు ఏం తెలుస్తాయి?

అమరేందర్ ఫోన్ చేశాడు. "అయ్యో సార్, తప్పు మీది కాదు, మా పట్టర్ మీ చేతికి సూట్ కాలేదు" అని అవతలివాళ్లు నొచ్చుకున్నారు. మధ్యాహ్నానికల్లా కంపెనీ మనిషి బండి మీద వచ్చి, పాతది తీసుకొని, వేరేది చేతిలో పెట్టి, ఇబ్బంది పెట్టినందుకు క్షమించమన్నాడు కూడా.

లచ్చయ్య నోరెళ్లబెట్టాడు. సరుకు పని చేయకపోతే తప్పు సరుకుదవుతుందని ఇన్నేళ్ల వ్యవసాయంలో ఆయనకు ఎవరూ చెప్పలేదు! కొండంత ధైర్యం వచ్చింది. కొడుకును వెంటబెట్టుకొని నేరుగా రఘుపతి సేటు విత్తనాల షాపుకు పోయాడు.

"సేటూ, నీ గింజ నా చేనుకు సూట్ కాలే. వేరేది ఇయ్యి" అన్నాడు.

రఘుపతి ప్యాకెట్ వైపు చూడలేదు, లచ్చయ్యను చూశాడు. "లోతుగ పెట్టినవా?"

"లేదు సేటూ."

"మరి పైపైన పెట్టినవా?"

"లేదు. ఎప్పుడు పెట్టినట్టే పెట్టిన."

"గదే నువ్వు చేసిన తప్పు. కొత్త గింజను పాత తీరుగ పెడితె ఎట్ల మొలుస్తది?"

లచ్చయ్య కొడుకు వైపు చూశాడు. ఇప్పుడు మాట్లాడతాడు, ఆ నోరు ఇప్పుడు విప్పుతాడు అనుకున్నాడు. అమరేందర్ బాగా ఆలోచించాడు.

"సేటు చెప్పేది గూడ నిజమే బాపూ. నువ్వే యాడనో జర ఎక్కువ తక్కువ చేసినట్టున్నవ్."

పాపం, అతని కడుపులో కపటమేమీ లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. గింజ మొలవలేదని తెలిసినప్పటికంటే ఆ మాట విన్నప్పుడే లచ్చయ్యకు ఎక్కువ బాధేసింది. అదే షాపులో, అదే కంపెనీ గింజలు మళ్లీ కొన్నాడు. పదును ఎవరి కోసం ఆగుతుంది?

తొందరపడి అమరేందర్‌ను తిట్టుకోకండి. ఇందులో చక్కటి న్యాయం ఉంది! కట్టెలో లోపం ఉంటే కట్టెను మారుస్తారు. గింజలో లోపం ఉంటే రైతును మార్చాలి. ఏ కంపెనీ వాళ్లూ ఆయన్ను వాపసు తీసుకోరు కనుక పాత రైతుతోనే ఎలాగోలా సర్దుకుపోతున్నారు.

ఇంటికి రాగానే అమరేందర్ కొత్త పట్టర్ తీశాడు. బరువు సరిగ్గా ఉంది. పిడి చేతికి అతికినట్టు కుదిరింది. ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి గ్లాసు అంచును రాసుకుంటూ దాటిపోయింది.

ఈసారి పట్టర్‌ను అనడానికి ఏమీ మిగల్లేదు. కాసేపు వాకిలంతా కలియజూశాడు. గింజల సంచి భుజానేసుకొని చేనుకు బయల్దేరుతున్న తండ్రి కనిపించాడు.

"బాపూ, జర పక్కకు జరుగు. నీ నీడ అడ్డమొస్తాంది."

లచ్చయ్య జరిగాడు.