రెండో బంతి

తాడేల దండాసి ఉద్యోగంలో చేరిన రోజు విసిరిన మొదటి బంతి ముప్పై మూడేళ్లుగా గాలిలోనే ఉంది. జిల్లా బేస్‌బాల్ విభాగంలో బంతులన్నీ అలాగే పోతాయి కాబట్టి దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. విసిరేవాడు నిలబడే దిబ్బ నుంచి పట్టేవాడి దాకా అరవై అడుగుల ఆరంగుళాలు. బంతి ఏడాదికి ఇరవై రెండు అంగుళాలు నడుస్తుంది. ఏటా మార్చిలో సర్వేయరు టేపు తెచ్చి కొలిచి, రిజిస్టరులో రాసి, దండాసి చేత సంతకం పెట్టించుకుని వెళ్తాడు.

బాధ ఒక్కటే. ఆ రోజు విసిరేటప్పుడు దండాసి వేలు జారింది. బంతి పక్కకు పోతుందని విడిచిన క్షణంలోనే అతనికి తెలిసిపోయింది. తెలిసిన సంగతినే రోజూ పది నుంచి ఐదు దాకా ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. రెండోది తిన్నగా వేయగలడు. కానీ మొదటిది చేరితే తప్ప స్టోరు నుంచి రెండో బంతి ఇవ్వరు.

వానాకాలంలో బంతి మీద టార్పాలిన్ కప్పేవారు. దాని మీద వాలే కాకుల్ని తోలడానికి ఒక మనిషిని వేశారు. బ్యాటు పట్టుకున్న కామరాజుకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయితే, ఆ నెలంతా అతని తమ్ముడు బ్యాటెత్తి నిలబడ్డాడు. బంతి పట్టాల్సిన లండ సింహాచలానికి గొంతుక్కూర్చుని గొంతుక్కూర్చుని మోకాళ్లు పోయాయి.

"ఒరే బావా, నువ్వు కూసింత గట్టిగా ఇసిరుంటే నానీ పాటికి లెగిసుందును కదరా," అనేవాడు సింహాచలం.

"నువ్వు కూకున్నావు, నాను నిలబడ్డాను. ఎవులిది ఎక్కువ నొప్పో సెప్పు," అనేవాడు దండాసి.

ఇంటి దగ్గర అతను ఉల్లిపాయలు విసిరేవాడు. అవి చప్పున గోడకు తగిలి పడిపోయేవి. భార్య ఎర్రమ్మ ఏరుకుంటూ, "ఇయ్యి తిన్నగానే ఎల్తన్నాయి కదా," అనేది.

"ఉల్లిపాయల్ని ఎవులు లెక్కెడతారే," అనేవాడు.

పదవీ విరమణ రోజు సాయంత్రం నాలుగింటికి బంతి సింహాచలం చేతిలో పడింది. అంతకు ముందు ఏడాదంతా అది కామరాజుకు అందనంత పక్కగా పోతుంటే, అతను బ్యాటు కదపకుండా ఓపిక పట్టాడు. అంపైరు హేమలత మేడమ్, ఆ కుర్చీలో మూడో మనిషి, "చెల్లదు" అని రాసుకున్నారు. శాలువా, దండ తయారుగా ఉన్నాయి. ఫొటోగ్రాఫరు వచ్చాడు.

"మేడమ్, రెండో బంతి ఇప్పించండి," అన్నాడు దండాసి.

"గంటలో రిటైరవుతున్నారు. సర్వీసులో ఉన్నవాళ్లయితే ఐదింటికి ఇంటికి పోవచ్చు, రిటైరైనవాళ్లు బంతి చేరేదాకా దిబ్బ దిగకూడదు. అప్పటికి మీకు తొంభై మూడు."

"తెలుసమ్మా."

"పెన్షన్ కూడా అది చేరాకే."

"ఒక్కటి తిన్నగా ఎయ్యనీండమ్మా."

మేడమ్ ఫారం ఇచ్చారు. దండాసి సంతకం పెట్టాడు. ఐదుకు పది నిమిషాలుండగా స్టోరు నుంచి బంతి వచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టు మీద వేళ్లు ఆన్చి, కాలెత్తి విసిరాడు. ఈసారి వేలు జారలేదు. బంతి చెయ్యి విడిచి, గాలిలో నిలిచింది.

మూడు నెలల్లో రిటైరవ్వాల్సిన సింహాచలం ఒకసారి గేటు వంక చూశాడు. "సంపేసినావు కదరా బావా," అంటూ మళ్లీ గొంతుక్కూర్చున్నాడు.

భర్తను ఇంటికి తీసుకుపోదామని ఎర్రమ్మ కొత్త చీర కట్టుకుని ఆటోలో వచ్చింది. దిబ్బ కింద నిలబడి అడిగింది.

"ఇంటికెప్పుడొస్తావు?"

"అది సేరీగానే."

"తిన్నగా ఎల్తందా?"

"తిన్నగానే ఎల్తందే. సూడు." దండాసి బంతి మీద నుంచి చూపు తిప్పలేదు.

ఎర్రమ్మ చాలాసేపు చూసింది. ఆటోను పంపేసి, ఎక్కడ కూర్చోమంటారని మేడమ్‌ని అడిగింది. ఆవిడ కంచె అవతల కుటుంబాలకు కేటాయించిన రేకుల షెడ్డు చూపించారు. అక్కడ ముందునుంచీ కూర్చుని ఉన్న ఆడవాళ్లు కొంచెం జరిగి చోటిచ్చారు.