పధ్నాలుగో నంబరు బస్సెక్కిన జిగురు బూజు

ఆ ఆదివారానికి వివరణాధికారి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి వంటింటి అలమర తలుపు తీయాలి. లోపలున్న గాజు గిన్నెను గుడ్డలో చుట్టి బస్సెక్కాలి. పదకొండింటికి సైన్స్ సెంటరు హాల్లో దాన్ని నలుగురికీ చూపించి, అందులోని వింతేమిటో అర్థమయ్యేలా చెప్పాలి. అంతే.

అతని ఉద్యోగమే అది. ఎక్కడెక్కడి పరిశోధనల్లోనో తేలిన విశేషాలను మామూలు జనానికి మామూలు మాటల్లో చెప్పడం. ఏది చెప్పినా "అదేంటంటే" అని మొదలుపెడతాడు కాబట్టి ఆఫీసులో అతనికి అదే పేరు స్థిరపడిపోయింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. తల్లిదండ్రులకు అర్థం కాని మాట హాల్లో పలకకూడదని అతని నియమం. అందుకే ప్రతి ఉపన్యాసమూ ముందు వంటింట్లో వినిపించేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. ఇంట గెలవడం బాగానే జరుగుతోంది. ఇబ్బందంతా రచ్చ దగ్గరే. కిందటి ఆదివారం హాలుకు వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకాయన నిద్రపోయాడు. ఒకావిడ బస్సు వచ్చేదాకా కూర్చుంది. మూడో ఆయన మైకు బాగుచేయడానికి వచ్చాడు.

"ఈసారి పాతికమంది కూడా రాకపోతే ఆదివారం ఉపన్యాసాలకు తాళం వేసేస్తాను" అన్నాడు డైరెక్టరు. "నిన్ను స్టోరుకు పంపిస్తాను. విరిగిన కుర్చీల లిస్టు రాసేవాళ్ళు లేరక్కడ."

అందుకే ఈసారి అతను దూరపు కాలేజీ ప్రయోగశాల నుంచి బతిమాలి ఒక ప్రాణిని తెప్పించాడు. శుక్రవారం సాయంత్రం దాన్ని వంటింట్లో పెట్టి, తల్లిదండ్రులను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"అదేంటంటే అమ్మా, దీన్ని జిగురు బూజు అంటారు. నిజం చెప్పాలంటే బూజు కూడా కాదు. మెదడు లేదు, కళ్ళు లేవు, కాళ్ళు లేవు. అయినా పాకుతుంది. ఈ గిన్నెలో చిక్కుదారులు కట్టి, రెండు చివర్లా ఓట్స్ పలుకులు పెట్టాను. ముందు అన్ని దారుల్లోకీ పాకి చూస్తుంది. తర్వాత దగ్గరి దారి ఒక్కటి ఉంచుకుని, మిగతావన్నీ వదిలేస్తుంది."

"కళ్ళు కూడా లేవా? పాపం" అంది తల్లి.

"జాలిపడకమ్మా. ఆకలిగా ఉంటేనే బాగా వెతుకుతుంది. అందుకే రెండు రోజులుగా పస్తు పెట్టాను."

తల్లి ముఖం మారిపోయింది. మీటరు చూడటానికి వచ్చినవాణ్ణి కూడా ఏదో ఒకటి తినిపించనిదే ఆవిడ గడప దాటనివ్వదు. అలాంటి ఇంట్లో ఒకరిని పస్తు పెట్టడమా?

తండ్రి పధ్నాలుగో నంబరు బస్సు డ్రైవరు. కొడుకు ఉపన్యాసాలు శ్రద్ధగా వినడమే తప్ప ఏనాడూ ప్రశ్న వేసి ఎరగడు. ఆరోజు మాత్రం ముందుకు వంగాడు.

"దగ్గరి దారి దానంతట అదే కనుక్కుంటుందా? ఎవరి రికమెండేషనూ లేకుండా?"

"ఎవరిదీ లేకుండానే నాన్నా."

"ఎంతసేపట్లో?"

"ఒక్క రోజు చాలు. కానీ వెలుతురు పడకూడదు. ఆదివారం పొద్దునదాకా ఈ తలుపు ఎవరూ తీయొద్దు."

ఇద్దరూ బుద్ధిగా తలూపారు.

ఆదివారం తొమ్మిదింటికి అతను తలుపు తీశాడు. గాజు గిన్నె ఖాళీగా ఉంది. చిక్కుదారుల్లో దగ్గరి దారీ లేదు, దూరపు దారీ లేదు, నడిచేవాళ్ళు అసలే లేరు. పక్కనున్న పెద్ద స్టీలు పళ్ళెంలో ఒక తడి తువ్వాలు, దానిమీద అక్కడక్కడా ఓట్స్ పలుకులు. వాటినన్నిటినీ కలుపుతూ పచ్చటి నరాల్లాంటి తీగలు అల్లుకుని ఉన్నాయి. ప్రాణి క్షేమంగానే ఉంది. ఉపన్యాసమే పోయింది.

"అమ్మా! తలుపు తీశావా?"

"నేనా?" అంది తల్లి. కొడుకు ముఖం చూసి అబద్ధం ఆడలేకపోయింది. "నిన్న మధ్యాహ్నం ఒక్కసారంటే ఒక్కసారి తీశాను. నాలుగు పలుకులు వేశాను, అంతే. కన్నతల్లి దగ్గర లేని ప్రాణి, చూస్తూ ఊరుకోమంటావా?"

"నాలుగు పలుకులకు ఈ పళ్ళెం, తువ్వాలు ఎందుకమ్మా?"

"పళ్ళెం నాకు తెలీదు. అప్పటికే ఉంది. నువ్వే పెట్టావనుకున్నా."

అతను నమ్మలేదు. నమ్మడానికీ, నమ్మకపోవడానికీ కూడా టైము లేదు. తండ్రి తెల్లవారకముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు. చేసేదేమీ లేక పళ్ళేన్ని నల్లగుడ్డతో కప్పాడు. రెండో అంచు పట్టుకోవడానికి తల్లిని వెంట తీసుకుని వీధి చివర నిలబడ్డాడు. వచ్చింది తండ్రి బస్సే. తండ్రి అద్దంలోంచి పళ్ళెం చూశాడు, చటుక్కున చూపు రోడ్డు మీదికి తిప్పుకుని గేరు మార్చాడు.

"ఏంటి తమ్ముడూ ఆ గుడ్డ కింద? తినేదా?" అడిగింది కండక్టరు.

"తినేది కాదక్కా, తింటుంది" అన్నాడతను. తర్వాత అలవాటు ఊరుకోక, "అదేంటంటే, దానికి మెదడు లేదు, కళ్ళు లేవు. అయినా దారి కనుక్కుంటుంది" అని చెప్పేశాడు.

ఆ కండక్టరు నోట్లో నువ్వుగింజ నానదు. టికెట్లు కొడుతూ బస్సు మధ్యకు వచ్చేసరికి అది "దారి చూపించేది" అయింది. వెనక సీట్లకు చేరేసరికి "పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పేది" అయింది. ఆస్పత్రి స్టాపులో ఎక్కినవాళ్ళకు "ఏది అడిగినా చెప్తుందట. కళ్ళు లేవు కదా, అందుకే అంత శక్తి" అని అందింది.

ఆస్పత్రి నుంచి మార్కెట్‌కు తిన్నగా వెళ్ళే వీధి ఉంది. బస్సు మాత్రం ఎడమకు తిరిగి, రెండు మైళ్ళు చుట్టూ పోయి, పాత మిల్లు గేటు ముందు ఆగింది. మిల్లు మూతపడి పన్నెండేళ్ళయింది. గేటుకు తుప్పు, తాళానికి తుప్పు. ఎవరూ దిగలేదు. ఎవరూ ఎక్కలేదు. కండక్టరు రూలు ప్రకారం ఒక నిమిషం ఆగి విజిలు వేసింది. బస్సు వెనక్కి తిరిగింది. ఆ నిమిషంలో వెనక సీటు ముసలాయన లేచి ముందుకు వచ్చాడు.

"బాబూ, నా గొడుగు పోయి నెల్లాళ్ళయింది. కాస్త అడిగిపెడతావా?"

"అదేంటంటే తాతగారూ, ఇది అలాంటిది కాదు..."

"ముందు అందరూ అలాగే అంటారులే" అన్నాడు ముసలాయన, గుట్టు తెలిసినవాడిలా.

చివరి స్టాపు సైన్స్ సెంటరే. మామూలుగా అక్కడ దిగేది ఇద్దరో ముగ్గురో. ఆరోజు బస్సంతా దిగింది. పళ్ళెం ముందు, జనం వెనక. కండక్టరు కూడా దిగింది. చివరికి డ్రైవరు సైతం బండికి తాళం వేసి హాల్లోకి నడిచాడు.

వాకిట్లో హాజరు పుస్తకం పట్టుకున్న డైరెక్టరు లెక్కపెట్టుకున్నాడు. అరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాడు. అరవై ఒకటే. "శభాష్ అదేంటంటే!" అన్నాడు. ఉద్యోగంలో చేరాక అతనికి దక్కిన మొదటి శభాష్ అది.

అతను వేదికెక్కి నల్లగుడ్డ తీశాడు. ముందు వరుసలో ఒకావిడ లేచి నిలబడింది. "మా అబ్బాయికి ఉద్యోగం ఏ దిక్కున వస్తుందో అడగండి బాబూ."

ఒక్క క్షణం అతనికి స్టోరు రూము కనిపించింది. మూడు కాళ్ళ కుర్చీలు వరసగా కనిపించాయి. ఏదో ఒక దిక్కు చూపిస్తే సరిపోతుంది, ఎవరూ లేచిపోరు. కానీ తప్పు మాట చెప్పడానికి కాదు గదా తనను చదివించింది.

"అదేంటంటే అమ్మగారూ, ఇది జోస్యం చెప్పదు. పోయినవి వెతికిపెట్టదు. దీనికి తెలిసింది తిండి ఒక్కటే. తిండికీ తిండికీ మధ్య దగ్గరి దారి వేసుకుంటుంది. అది చూపిద్దామనే తెచ్చాను. ఆ ప్రయోగం కూడా మా ఇంట్లో పాడైపోయింది. ఈ పళ్ళెంలో పలుకులు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకే తెలీదు."

కుర్చీలు కిర్రుమన్నాయి. గొడుగు తాత లేచాడు. వెనక వరుస కదిలింది. డైరెక్టరు పెన్ను మూత తీశాడు, అంకె దిద్దడానికి.

"ఎవరు పెట్టారో నాకు తెలుసు" అన్న గొంతు వెనకనుంచి వినిపించింది. అతని తండ్రి. ఖాకీ చొక్కాతో, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ సిగ్గుపడుతూ ముందుకు వచ్చాడు. "నిన్న పొద్దున డ్యూటీకి పోయే ముందు నేనే దాన్ని పళ్ళెంలోకి మార్చి, పలుకులు పెట్టానురా. ఇవి ఉత్త పలుకులు కాదు. నా స్టాపులు."

లేచినవాళ్ళు లేచినట్టే ఆగిపోయారు.

"ఇదిగో కోర్టు. ఇది స్టేషను. ఇది ఆస్పత్రి, ఇది మార్కెట్. నేను పన్నెండేళ్ళలో పదకొండు అర్జీలు పెట్టాను, ఆ మిల్లు చుట్టు తీసేయండయ్యా అని. చదువుకోనివాడి మాట ఎవరు వింటారు? సరే, మెదడు లేనిదాన్నైనా అడిగి చూద్దామనిపించింది. చూడండి, ఆస్పత్రి నుంచి మార్కెట్‌కు ఎంత లావు తీగ వేసిందో. తిన్నగా!"

జనం వేదిక మీదికి ఎగబడ్డారు. రోజూ ఆ చుట్టు తిరిగి ఆఫీసులకు ఆలస్యమయ్యేవాళ్ళే అందరూ. సరిగ్గా అప్పుడే వాకిట్లో కేక వినిపించింది.

"పధ్నాలుగో నంబరు డ్రైవరెక్కడ? బస్సు రోడ్డుమీద అనాథలా నిలబడి ఉంది, మనుషులేరీ?"

డిపో మేనేజరు. బండి కదలడం లేదని ఫోను వస్తే స్కూటరు మీద పరుగెత్తుకొచ్చాడు. డైరెక్టరు ఆయన్ని కూడా హాజరులో రాసుకున్నాడు. అరవై రెండు.

కండక్టరు ఆయన్ని చెయ్యి పట్టుకుని లాగినంత పనిచేసి పళ్ళెం ముందుకు తెచ్చింది. సంగతి విని మేనేజరు కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఇదేం సాక్ష్యమయ్యా? మిల్లు దగ్గర నువ్వు పలుకే పెట్టలేదు. తిండే లేకపోతే అది అక్కడికెందుకు పోతుంది?"

"మరి మన బస్సెందుకు పోతోంది సార్?" అన్నాడు తండ్రి.

హాలు నవ్వులతో దద్దరిల్లింది. గొడుగు తాత గొడుగు మాట మరిచి చప్పట్లు కొట్టాడు. మేనేజరు కూడా నవ్వబోయి, హోదా గుర్తొచ్చి దగ్గాడు. కొడుకు తండ్రి వైపు చూశాడు. అంత పొడుగ్గా ఆయన ఎన్నడూ కనిపించలేదు.

"ఒక్కమాట" అంది తల్లి. ఆవిడ ఇందాకటి నుంచి పళ్ళెంలోకి వంగి చూస్తోంది. "ఆస్పత్రికీ మార్కెట్‌కీ మధ్యలో ఉన్న ఈ నాలుగు పలుకులు మీరు పెట్టారా?"

"లేదే. అక్కడ స్టాపు లేదు గదా."

"అయితే నేను వేసినవే. మధ్యలో మరీ ఖాళీగా కనిపించింది. అంత దూరం కాళ్ళు లేనిది, పాపం, ఎలా నడుస్తుందని..."

తండ్రి వేలి చుట్టూ తాళంచెవి తిరగడం ఆగిపోయింది. అందరూ వివరణాధికారి వైపు చూశారు. అతనికి ఆరోజు రెండోసారి స్టోరు రూము కనిపించింది. ఈసారి అందులో తండ్రి పదకొండు అర్జీలు కూడా ఉన్నాయి.

"అదేంటంటే నాన్నా" అన్నాడు మెల్లగా. "ఇది చెల్లదు. మధ్యలో తిండి వేస్తే ఎవరైనా అటే వస్తారు. అది దగ్గరి దారి కాబట్టి వచ్చిందో, అమ్మ పెట్టింది కాబట్టి వచ్చిందో చెప్పలేం. ఎవరి చెయ్యీ పడకుండా మళ్ళీ పెట్టాలి. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు. అప్పుడే నమ్మాలి."

తండ్రి కొడుకు వైపు కాసేపు చూశాడు. "దీనికేనా అన్నేళ్ళు చదివించింది?" అన్నాడు. తర్వాత ఆయన ముఖం విప్పారింది. "బాగానే చదివావురా. మళ్ళీ పెడదాం. పన్నెండేళ్ళు ఆగాను, వారం ఆగలేనా?"

"ఈసారి పలుకులు నా ఎదురుగా పెట్టాలి" అన్నాడు మేనేజరు.

"అలమర తాళంచెవి నా దగ్గరుండాలి" అంది కండక్టరు.

"మీరు మాత్రం అటు రాకూడదండోయ్" అన్నారు తల్లితో నలుగురైదుగురు ఒక్కసారే. "సరేలెండి" అందావిడ, "కానీ దాన్ని మరీ మాడ్చకండి."

వచ్చే ఆదివారం ఎన్నింటికని ముసలాయన అడిగాడు. గొడుగు గురించి కాదు, సీటు గురించి. డైరెక్టరు హాజరు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, వంద కుర్చీలు కావాలనీ, స్టోరులో విరిగినవి వెంటనే బాగుచేయించాలనీ రాసుకున్నాడు.

తర్వాతి ఆదివారాల్లో, ఎవరి జాలీ సోకకుండా, జిగురు బూజు అయిదుసార్లకు అయిదుసార్లూ ఆస్పత్రి నుంచి మార్కెట్‌కు తిన్నగానే వెళ్ళింది. హాలు నిండుతూనే ఉంది. తండ్రి పన్నెండో అర్జీకి ఆ అయిదు ఫోటోలూ జతచేశాడు. అర్జీ పరిశీలనలో ఉందని డిపో నుంచి జవాబు వచ్చింది.

జిగురు బూజు గంటకు సెంటీమీటరు చొప్పున కదులుతుందని కొలిచారు గానీ, డిపో ఫైలు వేగాన్ని కొలిచే పరికరం మాత్రం సైన్స్ సెంటరులో ఇంకా లేదు.